అత్తగారి దవడ

పరీక్ష తొమ్మిదింటికి. ఏడున్నరకి బస్సు డ్రైవరు ఫోన్ చేశాడు.

"డాక్టరమ్మా, ఏమీ అనుకోకండి. నా దవడ బాగైపోయింది. పొద్దున్న ఎంత ఆవలించినా నొప్పి లేదు, టక్కుమనడం లేదు. ఇంక నేనొచ్చి ఏం చూపించను?"

ఆమెకి ఏడవాలో సంతోషించాలో తెలియలేదు. దంతవైద్యంలో పీజీ ఆఖరి సంవత్సరం ఆమెది. దవడ కీళ్ళూ, పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరులో తేడాలూ ఆమె సబ్జెక్టు. ప్రాక్టికల్ పరీక్షలో ఒక రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, బాధేమిటో అడిగి, జబ్బు తేల్చి, వైద్యం చెప్పాలి. ఆ రోగిని ఎవరికి వాళ్ళే తెచ్చుకోవాలి. మూడు నెలలుగా ఆమె ఆశలన్నీ ఆ డ్రైవరు దవడ మీదే పెట్టుకుంది. తన వైద్యమే తన కొంప ముంచింది.

"అమ్మని తీసుకెళ్ళు," అన్నాడు భర్త, నోట్లో బ్రష్షు తియ్యకుండానే. "రోజూ లేవగానే తలనొప్పంటుంది, బుగ్గలు నొక్కుకుంటుంది. నువ్వెప్పుడూ చూడలేదా?"

చూడలేదు. చెయ్యి చాపితే అందే దూరంలో ఉన్న నోటిని ఒక్కసారి కూడా తెరిపించి చూడలేదు.

అత్తగారు రిటైరైన లెక్కల టీచరు. పెళ్ళయిన ఈ పదహారు నెలల్లో కోడల్ని పల్లెత్తు మాట అనలేదు. స్నేహితురాళ్ళందరూ కుళ్ళుకునేంత మంచి అత్తగారు.

"పరీక్షే కదా, పద," అని చెప్పులు వేసుకుందావిడ. "ముప్ఫై ఏళ్ళు పెట్టినదాన్ని, నాకేం భయం?"

ఆటోలో కోడలు బతిమాలింది. "అత్తయ్యా, మనం ఒకింటివాళ్ళమని అక్కడ చెప్పకండి. ఒప్పుకోరేమో."

"నేను అబద్ధమాడను."

"ఆడొద్దు. అడగనిది చెప్పకండి, చాలు."

పరీక్షకి వచ్చిన బయటి ప్రొఫెసరుని విద్యార్థులు చాటుగా గొడ్డలి అంటారు. ఆయన చేతికింద పడినవాళ్ళు నిలబడింది తక్కువ. అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి, దీపం వైపు తనిఖీకొచ్చినదానిలా చూసింది.

కోడలు గొంతు సవరించుకుంది. "చెప్పండమ్మా, ఏమిటి బాధ?"

"పొద్దున్నే కణతలు పోట్లు, డాక్టరుగారూ. గట్టివేవీ నమలలేను."

ఆ 'డాక్టరుగారూ'కి కోడలు తడబడింది. బుగ్గల మీద వేళ్ళు నొక్కితే ఆవిడ ఉలిక్కిపడింది. నమిలే కండరాలు రెండువైపులా రాళ్ళలా ఉన్నాయి. నాలుక అంచున పళ్ళ గుర్తులు, బుగ్గ లోపల తెల్లటి గీత. పై పంటికీ కింది పంటికీ మధ్య స్కేలు పెట్టి, "నోరు ముప్ఫై ఆరు మిల్లీమీటర్లు తెరుచుకుంటోంది సార్," అంది కోడలు.

అత్తగారు నోరు మూసి, కోడలు గీత మీద వేలు పెట్టి పట్టుకున్న ఆ స్కేలు వైపు చూసింది. "ముప్ఫై నాలుగు. గీత సరిగ్గా చూడండి."

ముప్ఫై నాలుగే. గొడ్డలి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "పళ్ళు బిగబట్టే అలవాటన్నమాట. ఎప్పటినుంచమ్మా?"

"పదహారు నెలలు."

"అప్పుడేమైనా మార్పు వచ్చిందా ఇంట్లో?"

"మా అబ్బాయి పెళ్ళయింది."

కోడలి పై ప్రాణాలు పైనే పోయాయి.

"కోడలు సతాయిస్తోందా?"

"అయ్యో, లేదండీ! బంగారంలాంటి పిల్ల. దాన్ని ఒక్క మాట కూడా అననని మావాడికి మాటిచ్చాను."

"అనాలనిపిస్తుందా?"

అత్తగారు లెక్క వేసుకుంది. "రోజుకి ఇరవైసార్లు."

"ఉదాహరణకి?"

"తడి తువ్వాలు మంచం మీద పడేస్తుంది. పళ్ళ అచ్చులకి ప్లాస్టరు కలిపిన గిన్నె వంటింటి సింకులో కడిగితే నీళ్ళు పోకుండా గడ్డకట్టింది. ఫ్రిజ్ మీద ప్లాస్టరు దవడలు ఆరబెడుతుంది. పొద్దున్నే పాలకోసం వెళ్తే ఎవరివో పళ్ళు నన్ను చూసి ఇకిలిస్తాయి. అప్పుడు నావి బిగుసుకుంటాయి."

గొడ్డలి విద్యార్థిని వైపు తిరిగాడు. "వైద్యం?"

"పళ్ళ మీద తొడుగు సార్, పడుకునేటప్పుడు. వేడి కాపడం, దవడ కసరత్తులు. పెదాలు కలిసినా పళ్ళు కలవకూడదని నేర్పాలి. ఇంకా... అనాల్సిన మాట లోపల పెట్టుకోవద్దని చెప్పాలి. కోడలితో కూడా మాట్లాడాలి."

"ఆ అమ్మాయిని పిలిపించగలవా?"

అత్తగారు పైకప్పు వైపు చూస్తోంది. పళ్ళు బిగబట్టింది. చెవుల దగ్గర కండరం ఉబ్బడం కోడలికి కనిపించింది. తన కోసమే బిగబట్టిందని అర్థమైంది.

"ఆ కోడల్ని నేనే సార్."

గొడ్డలి పకపకా నవ్వాడు. కళ్ళజోడు జారింది. నవ్వు మధ్యలో చిన్నగా, టక్.

"ఎడమ కీలు," అనేసింది ఆమె, పరీక్ష సంగతే మరిచి. "ఎన్నాళ్ళనుంచి సార్?"

ఆయన నవ్వాపాడు. "పదేళ్ళు. ఎవరికీ చెప్పలేదు."

"నొప్పి ఉందా? పట్టేస్తుందా?"

"లేదు."

"శబ్దం ఒక్కటే అయితే ఏమీ చెయ్యక్కర్లేదు సార్. అలాగే వదిలెయ్యడమే మంచిది."

"అదే సరైన జవాబు," అని ఆయన ఏదో రాసుకున్నాడు.

పాసైంది. తొడుగు తనే చేసి అత్తగారికి తొడిగింది. రోజూ సాయంత్రం పావుగంట, మనసులో ఉన్నది పైకి అనాలని కూడా రాసిచ్చింది.

మొదటి సాయంత్రం అత్తగారు తువ్వాలుతో మొదలుపెట్టింది. తనే రాసిచ్చినా, కోడలికి చురుక్కుమంది. లేచి గదిలోకెళ్ళి తలుపు వేసుకుంది. పది నిమిషాల తర్వాత బయటికొచ్చి, "మీరు నా పుస్తకాల్లో ఎర్రసిరాతో తప్పులు దిద్దుతున్నారు. అచ్చేసిన పుస్తకాల్లో!" అంది.

"ఉన్నాయి కాబట్టి దిద్దాను. ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరు చెప్పారా?"

నొప్పి తగ్గడానికి రెండు నెలలు పట్టింది. ఒక సాయంత్రం పక్కింటావిడ ఉండబట్టలేక తలుపు తట్టింది. "ఇంత మంచిగా ఉండేవాళ్ళు, ఏమిటమ్మా రోజూ ఈ గొడవ?"

"గొడవ కాదు, ట్రీట్‌మెంటు," అంది అత్తగారు. "ఇంకా ఆరు నిమిషాలుంది. తర్వాత రండి."