మోకాలి తాళం

ఆ మరను ఎవరు బిగించారో గానీ ఒక పిసరు వంకర పోయింది, తనైతే విప్పి మళ్లీ బిగించేవాడు, అనుకుంటున్నాడు సాక్షి బోనులో నిలబడ్డ పాత ఇంజనీరు, జడ్జిగారి బల్ల మీద పడుకోబెట్టిన కృత్రిమ కాలి మీంచి చూపు తిప్పుకోలేక, ఆ పేటెంటు మీరు రాసిచ్చిందే కదండీ అని కంపెనీ లాయరు అడిగితే అవునన్నాడు, బరువు పడగానే మోకాలు మడత పడకుండా పట్టేసే తాళం, చెల్లెలికి కాలు తీసేసిన ఏడాది వంటింటి బల్ల మీద తలుపు బందులతో తను మొదలుపెట్టింది, అది తొడుక్కుని ఎన్నిసార్లు పడిందో పిచ్చిది, ఈసారి కొంచెం మెల్లగా పడ్డాలే అన్నయ్యా అని నవ్వేది, చివరికి నిలబడింది, ఊరందరికీ తయారుచేస్తాం హక్కు మాకివ్వండి అని ఈ కంపెనీవాళ్లు వస్తే కళ్లకద్దుకుని రాసిచ్చాడు, కార్ఖానా ఎక్కడండీ అని అడగాలని కూడా తోచలేదు, ఉన్నదల్లా ఒక గది, ఒక బోర్డు, నలుగురు లాయర్లు, ఒక్క కాలు చెయ్యలేదు, ఎవరైనా చేస్తే పట్టుకుందామని కూర్చున్నారు, ఇన్నేళ్లకు ఒకరు దొరికారు.

దొరికినావిడ ముందు వరసలో ఉంది, బల్ల మీది కాలు ఆవిడ చేసిందే, వర్క్‌షాపు నడుపుతుంది, గోళ్ల సందుల్లో ఇంకా జిగురు, ఆవిడ తనలా స్ప్రింగు వాడలేదు, రబ్బరు దిమ్మ వాడింది, అయినా పట్టుబడింది, ఎందుకంటే పేటెంటు దరఖాస్తులో ఏ పదార్థంతోనైనా, ఏ ఆకారంలోనైనా అని పట్టుబట్టి రాయించింది తనే, స్ప్రింగు తప్ప మరొకటి తెలియనివాడు లోకంలోని రబ్బరంతా తనదేనని రాయించుకున్నాడు, దారులు రెండే అన్నారు జడ్జి మేడం ఇందాక, కాలు మొత్తం ఆ తాళం మీదే ఆధారపడితే తయారీ ఆపించాలి, అది ఒక భాగం మాత్రమే అయితే పరిహారం ఇప్పించి పని సాగనివ్వచ్చు, కంపెనీకి పరిహారం అక్కర్లేదు, ఆపే ఉత్తర్వు చేతికొస్తే ఆవిడ మెడ మీద కూర్చుని అడిగినంతా గుంజవచ్చు, ఆవిడ కాదంటే వర్క్‌షాపు మూతే, ఆ తాళం లేకపోతే కాలే లేదు అనండి చాలు అని పొద్దున కంపెనీవాళ్లు చిలక్కి చెప్పినట్టు చెప్పారు, నిజం చెప్పొద్దూ, వినడానికి తియ్యగానే ఉంది, ఇన్నేళ్లలో ఆ మాట తనతో ఎవరన్నారు గనక.

వెనక వరసలో చెల్లెలు కూర్చుంది, ఆ వర్క్‌షాపు కాలే తొడుక్కుని, రబ్బరు అరిగితే మార్చుకోవాలి, మార్చేవాళ్లు లేకపోతే మళ్లీ చంకకర్రలే, అయినా పొద్దున కోర్టు మెట్ల దగ్గర ఒక్కటే అంది, నా మొహం చూసి అబద్ధం చెప్పకు అన్నయ్యా, అంతే, ఇప్పుడు వర్క్‌షాపు లాయరు లేచి, చెప్పండి, ఈ కాలి గొప్పంతా మీ తాళమేనా అంటున్నాడు, తను బల్ల మీది కాలు వైపే చూస్తున్నాడు, తొందరేం లేదు, ఆలోచించుకునే చెప్పండి అంటున్నారు జడ్జిగారు, ఒకసారి చేత్తో పట్టుకుని చూడొచ్చా మేడం అని అడిగాడు.

బరువు ఆనించి వంచాడు, తన తాళమైతే టక్కుమని పట్టేది, ఆ దెబ్బ నేరుగా తుంటికి తగిలేది, ఇది చప్పుడే లేకుండా పట్టింది, పట్టి కొంచెం ఒదిగింది, వదిలింది, మళ్లీ పట్టింది, ఒళ్లు మండింది ముందు, ఇంత బాగా ఎలా చేసింది అని, తర్వాత ఆ మంట కూడా నిలవలేదు, మేడం, పట్టుకునే ఉపాయం నాదే, దానికి న్యాయంగా ఇప్పించవలసింది ఇప్పించండి, నడక మాత్రం ఆవిడ పని, నాది నిలబెట్టేదే గానీ నడిపించేది కాదు అన్నాడు, కంపెనీ లాయరు ఏదో అభ్యంతరం అంటున్నాడు, జడ్జిగారు రాసుకుంటున్నారు, అతని చేతులు ఇంకా ఆ మోకాలి మీదే ఉన్నాయి, టక్కుమన్నప్పుడల్లా చెల్లెలి తుంటి అదిరేది కదా, రోజుకు ఎన్నిసార్లు అదిరి ఉంటుంది, ఏనాడూ ఒక్క మాట అనలేదేం, బాగుంది అన్నయ్యా, బాగుంది అంటూ పదకొండేళ్లు తొడుక్కుంది, ఆ కాలు బాగుండి కాదు, అది అన్నయ్య చేసిన కాలు కనక.