అరువు నూలు

రాజలింగు మగ్గం పన్నె పళ్ళ సందుల్లో పట్టిన దుమ్మును కోడి ఈకతో దులుపుతున్నాడు. నేయడానికి నూలు లేకపోయినా రోజూ పొద్దున్నే ఆ పని చేస్తాడు.

హుస్నాబాద్ దగ్గరి ఆ ఊళ్ళో మగ్గాల షెడ్డు పంచాయతీ సమితి కట్టింది. మగ్గం ఢిల్లీ సర్కారు పంపింది. నూలు హైదరాబాద్ సర్కారు నుంచి రావాలి. ఎండాకాలం పోయి వానలు పడ్డా రాలేదు. మనిషి మగ్గం దగ్గర కనబడకపోతే దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు, అందుకే అతను కూలికి కూడా పోలేడు. ఇంట్లో గుంట మగ్గం ఉన్నవాళ్ళకు కొత్తది రాదంటే, తన గుంటను తనే మట్టి పోసి పూడ్చుకున్నాడు. ఇప్పుడక్కడ భార్య దుర్గవ్వ కూర్చుని బీడీలు చుడుతుంది.

"మూడు సర్కార్లు ఒక్కటై నిన్ను కూసోబెట్టినయ్. కూసో," అంది ఆమె పొద్దున అంబలి పోస్తూ.

సమితి గుమాస్తా దేవదాస్ పడుగు నూలు మోపించుకుని వచ్చాడు. వెంట దుర్గవ్వ తమ్ముడు కొమురెల్లి.

"ఢిల్లీ సారు, హైదరాబాద్ సారు ఇయ్యాల్నే వస్తుండ్రు. గీ నూలు సావుకారు దగ్గర అరువు తెచ్చిన. పొద్దుమీకి వాపస్ ఇయ్యాలె," అన్నాడు దేవదాస్.

"దావత్‌కు తెచ్చిన గిన్నెల లెక్క," అన్నాడు కొమురెల్లి. అతను సాయంత్రం బస్సుకు మరమగ్గాల పనికి భివండి పోతున్నాడు. "బావా, నువ్వు సుత రారాదు?"

"సార్లకు నూలు సంగతి చెప్తా. వాళ్ళు ఇస్తరు," అన్నాడు రాజలింగు.

"నువ్వే చెప్పు. నేను నోరు తెరిస్తే నా నౌకరి పోతది," అన్నాడు దేవదాస్.

మధ్యాహ్నం దాకా బావా బామ్మర్దులిద్దరూ పోగులు అతికారు. పేక పోగు లాగుతూ నాడె మొదటిసారి అటునుంచి ఇటు పరుగెత్తినప్పుడు రాజలింగు వీపు దానంతటదే నిటారైంది. అరచేతి వెడల్పు బట్ట దిగింది. బయట జీపు ఆగింది.

ఢిల్లీ అధికారి బట్టను వేలితో తాకి హిందీలో ఏదో అడిగాడు. హైదరాబాద్ అధికారి వంగి, "ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అన్నాడు.

అప్పుడే ఒక పోగు తెగింది. తెగిన పోగును వదిలి తల ఎత్తడం రాజలింగు చేతులకు తెలియదు. కొసను పెదాల మధ్య తడిపి పట్టుకున్నాడు. నోరు తెరిస్తే జారిపోతుంది. జర ఆగమని తల అడ్డంగా ఊపాడు.

"ఏమీ లేవంటున్నాడు," అని హైదరాబాద్ అధికారి ఢిల్లీ అధికారికి చెప్పాడు.

ముడి పడేసరికి జీపు కదిలింది. దేవదాస్ వెంట పోయి, కాసేపటికి తిరిగి వచ్చాడు.

"మగ్గం నడుస్తుంది, నూలున్నదని రాసుకున్నరు. ఇగ సర్కారు నూలు రాదు."

"నేను ఆగుమన్న."

"తలకాయ ఊపినవ్ గదనే."

దేవదాస్ కత్తితో పడుగు కోశాడు. బిగువు పోయిన పోగులు ఒక్కసారిగా కిందికి వాలాయి. కొమురెల్లి వాటిని చుట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చిన రాజలింగు, దుర్గవ్వ కూర్చున్న చోట, గుంట పూడ్చి అలికిన నేల వంక చూశాడు.

"రొట్టెలు గట్టు."

"తమ్మునికి గట్టిన."

"ఇద్దరికి గట్టు."

ఆమె చేతిలోని బీడీ ఆకు కింద పెట్టి లేచింది.

దీపాలవేళ దేవదాస్ షెడ్డుకు తాళం వేయడానికి వచ్చాడు. మగ్గం పీట మీద రాజలింగు తువ్వాల మడత ఉంది. పీట ఎత్తు చాలక తన కింద వేసుకున్నది. మనిషి కూర్చున్నంత మేర, నడుమ ఇంకా నొక్కుకుపోయే ఉంది.