బండిలోని నీలం కూజా

ట్రాక్టరు వెనక చెత్తబండిలోంచి నీలం కూజా పిడి ఒకటి పైకి కనబడుతోంది. దాన్ని చూడగానే లూవీనియా కాళ్ళు ఆగిపోయాయి. చేతిలో పీచ్ పళ్ళ మిఠాయి గిన్నె ఇంకా వేడిగానే ఉంది.

"రండి సిస్టర్, రండి!" హార్లన్ టోపీ తీసి ఎదురొచ్చాడు. ఒళ్ళంతా చెమట. "మీవాళ్ళొచ్చేలోగా గోడవతల అంతా శుభ్రం చేసేశాం. ఎంత చెత్తో! పగిలిన కప్పులూ, గవ్వలూ, లాంతరు గాజులూ... ఎవరు పారేశారో గాని."

జార్జియాలోని ఆ చిన్న ఊళ్ళో తెల్లవాళ్ళ చర్చి, నల్లవాళ్ళ చర్చి వసంతం నుంచి ప్రతి గురువారం కలిసి వాక్యం చదువుతున్నాయి. సమాధానపడటం గురించే ఎక్కువగా మాట్లాడుకున్నారు. ఇవాళ తెల్లవాళ్ళ చర్చి, అంటే హార్లన్ వాళ్ళ చర్చి ఆవరణలో, మొదటిసారి కలిసి భోజనం.

లూవీనియా గిన్నెను గోడమీద పెట్టింది. అవతల పైన్ చెట్ల కింద ఆమె నాయనమ్మ ఉంది. బానిసల కాలం నుంచి వాళ్ళ వాళ్ళను అక్కడే పూడ్చారు. రాయి చెక్కించే స్తోమత ఎవరికీ లేదు. పోయినవాళ్ళు ఆఖరుసారి తాగిన పాత్రను పగలగొట్టి సమాధి మీద ఉంచేవారు. పేరైనా గుర్తైనా అదే. చిన్నప్పుడు వాళ్ళమ్మ నాయనమ్మ తాగిన ఆ కూజాను రాతికేసి కొట్టిన చప్పుడు ఆమె చెవుల్లో ఇంకా ఉంది.

"అది చెత్త కాదు. మా సమాధుల గుర్తులు బండికెత్తారు మీరు."

హార్లన్ మొహం పాలిపోయింది. "దేవుడా... మాకు తెలీదమ్మా."

"అడగలేదు."

"క్షమించండి. రండి, ప్రార్థన చేద్దాం..."

"ప్రార్థన తర్వాత. ముందు ఇంజను ఆపించండి."

ట్రాక్టరు మీదున్న రాయిస్ విసుక్కున్నాడు. "చెత్త డంపు పన్నెండుకి మూసేస్తారు సిస్టర్. తెలీక చేసినదానికి ఇంత రాద్ధాంతమా? క్షమించమనేగా మనం చదువుకుంది?"

"తీసుకున్నది తిరిగిచ్చే పాఠం కూడా చదివాం బ్రదర్. ఆ రోజు మీ గురక గదంతా వినబడింది."

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. రాయిస్ ఎర్రబడి ఇంజను ఆపాడు.

"ఏది ఎక్కడ తీశారో చూపించండి," అంది లూవీనియా. "తీసిన చేతులు మీవి."

హార్లన్ కూజా పట్టుకుని గోడ దాటాడు. నేలంతా వాకిలి ఊడ్చినట్టుంది. ఏ చెట్టు చూసినా ఒకేలా ఉంది. "ఆకులూడ్చే దంతెతో పోగేశాం సిస్టర్. ఎలా గుర్తుపట్టను?"

క్షమించడానికి సిద్ధపడే వచ్చానని పొద్దున ఆమె అనుకుంది. ఇప్పుడా మాట పక్కనపెట్టి, అతని చేతిలోని కూజానే చూసింది.

హార్లన్ కూజాను తిప్పి చూశాడు. పిడికి తెగిన పచ్చి తీగముక్క వేలాడుతోంది. "ఇది మాత్రం దంతెకి రాలేదు. తీగ పట్టేసింది. మోకాళ్ళమీద కూచుని చాకుతో కోశాను."

తల వంచుకుని, నేలనే చూస్తూ, చెట్టు చెట్టుకీ ఆగుతూ నడిచాడు. ఒకచోట మోకాళ్ళమీద కూచున్నాడు. తెగిన తీగల మధ్య తడిగా చిన్న గుంట. కూజా పెడితే అందులో ఊగకుండా కూచుంది.

లూవీనియా పక్కనున్న చెట్టును పట్టుకుంది. వదలకుండా పట్టుకున్న ఆ తీగకు మనసులోనే దండం పెట్టుకుంది.

"మిగతావి?" రాయిస్ గోడ దగ్గర్నుంచి అడిగాడు. గొంతు తగ్గింది.

"బండిలోనే ఉంటాయి. ఆ సమాధుల తాలూకు వాళ్ళందర్నీ నేను పిలుస్తాను. ఏం చేశారో వాళ్ళ ముందు మీరే చెప్పాలి."

"చెప్తాను," అన్నాడు హార్లన్. మళ్ళీ క్షమాపణ అడగాలని అతని పెదవులు కదిలాయి. అడగలేదు. అడగనందుకు ఆమెకు కాస్త ఊపిరాడింది.

భోజనాల గంట మోగింది. ఎవరూ బల్లల వైపు కదల్లేదు. రాయిస్ గోడ దాటి వచ్చి, ట్రాక్టరు తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.