నలభై ఒకటో షీటు

పదకొండున్నరకి మీటింగు అన్నారు, పదకొండున్నర అంటే ఈ ఆఫీసులో పన్నెండని అర్థం, కానీ ఒకరి ఉద్యోగం తీసేసే రోజున మాత్రం అందరూ టైముకి కూర్చుంటారు, ఇప్పుడు పదీ నలభై, కొత్తమ్మాయి ఎదురు వరసలో కూర్చుని సొరుగు ఖాళీ చేస్తోంది, చేస్తున్నట్టు కనపడకూడదని ఒక్కో వస్తువూ తీసి చూసి మళ్ళీ పెడుతోంది, స్టేప్లరు తీసింది, పెట్టింది, రెండేళ్ళయింది చేరి, ఇంకా కొత్తమ్మాయే, నేను జాలి పడాలని అందరూ నా వంక చూస్తున్నారు, ఎందుకు పడాలి, చెక్ చేశానని నలభై ఒకటో డ్రాయింగు షీటు మీద సంతకం పెట్టింది, సంతకం అంటే మాట, మెట్ల మలుపులో వచ్చే పలకకి పన్నెండు మిల్లీమీటర్ల కడ్డీ నూట పాతిక దూరంలో పడాలి, పది మిల్లీమీటర్లది రెండు వందల దూరంలో పడింది, మా ఊరి బళ్ళో పలక మీద లెక్కలు చేసినవాడు కూడా చెబుతాడు రెండూ ఒకటి కాదని, సైటులో కాంక్రీటు పోసేశాక బయటపడింది, ఇప్పుడది పగలగొట్టాలి, దాని మీద మనుషులు నడవకముందే దొరికింది, అది నడవబోయేవాళ్ళ అదృష్టం, ఈ పిల్లది కాదు.

పెద్దసారుతో చెప్పింది నేనే, చూడకుండా సంతకం పెట్టిందండీ అన్నాను, దాచిపెట్టి అనలేదు, ఆమె వినేట్టే అన్నాను, నాకు చాటుమాటు తెలీదు, అందుకే నన్ను వెనకాల స్కేలు అంటారు, కొట్టేదీ గీసేదీ ఒకటే కాబట్టి, అననీ, అయితే ఈ పిల్ల ఊరుకుందా, నేను చూసిన లెక్కల ఫైలు సరిగానే ఉంది సార్, షీటులోకి అది ఎక్కలేదు, స్క్రిప్టులోనే ఏదో ఉంది, ఒక్కసారి తెరిచి చూడనివ్వండి అంది, స్క్రిప్టు అంటే మా ఆవిడ రాసింది, పద్నాలుగు నెలల కిందట పోయిన మనిషి రాసింది, ఆవిడ వస్తువు మీద చెయ్యి వేశావంటే బాగుండదు అన్నాను, చివరికి పెద్దసారు నిన్న వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, ఆయన చెయ్యి వేశాడంటే పని ఉందని, మీరే ఒకసారి తెరిచి చూసి ఏమీ లేదని చెప్పండి, మీటింగులో ఆ ముక్క రాసుకుంటే సరిపోతుంది అన్నాడు.

ఏమీ లేదని చెప్పడానికే తెరుస్తున్నాను, తెరిచాను, నల్లటి తెర మీద తెల్లటి వరసలు, ఆరు వందల పన్నెండు వరసలట, నాకు వీటి తల తెలీదు తోక తెలీదు, ఇరవై ఏళ్ళు చేత్తో గీసిన వాణ్ణి, మూడు పెన్నులు, ఒక బ్లేడు, తప్పు గీత పడితే కాయితం చిరక్కుండా బ్లేడుతో గోకేవాణ్ణి, తర్వాత కంప్యూటరు వచ్చింది, గీయడం నేర్చుకున్నాను, అక్కడితో ఆగాను, మా ఆవిడ ఆగలేదు, నాకు రెండు బల్లల అవతల కూర్చునేది, డ్రాయింగు సాఫ్ట్‌వేరులోనే ఒక మూల ఇలా వరసలు రాసుకునే చోటు ఉందట, మనం చేత్తో వంద నొక్కులు నొక్కే పనిని అక్కడ రాసిపెడితే అదే నొక్కుకుంటుందట, ఎవరూ నేర్పలేదు, సాయం పేజీలు చదివి చదివి తనే పట్టుకుంది, సోమరిపోతుల చదువు అన్నాను, మీకు కోపం వచ్చినప్పుడల్లా నేను రెండు వరసలు రాస్తానండీ, అందుకే ఇది ఇంత పొడుగైంది అంది, అందరూ నవ్వారు, నేను నవ్వలేదు, ఇప్పుడు కూడా నవ్వట్లేదు, ఆరు వందల పన్నెండు.

అది చేసే పని మాత్రం ఒప్పుకోవాలి, సాయంత్రం ఆరున్నరకి ఆఫీసు ఖాళీ అయ్యాక దానంతటదే లేస్తుంది, మూడు వందల షీట్లు ఒక్కొక్కటే తెరుస్తుంది, లెక్కల ఫైల్లోంచి కడ్డీల పట్టిక తెచ్చి షీటులో పెడుతుంది, సవరణ నంబరు మారుస్తుంది, మూసేస్తుంది, తర్వాతి షీటుకి పోతుంది, ముగ్గురు రెండు రోజులు చేసే పని, తను పోయాక కూడా అది ఒక్కరోజు ఆగలేదు, ఆ వారం నేను సెలవులో ఉన్నాను, తిరిగొచ్చేసరికి షీట్ల మీద తేదీలు మారి ఉన్నాయి, మనిషి లేకపోయినా, ఛీ, అదేం ఆలోచన, పదీ యాభై అయింది, నీళ్ళు తాగాలి, సీసాలో లేవు, లేస్తే ఆ పిల్ల ముందునుంచి పోవాలి, అక్కర్లేదు.

ఇంగ్లీషు మాటల మధ్య అక్కడక్కడ వేరే రంగులో వరసలున్నాయి, మన మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది, ముందు ఇలాంటి చుక్క పెడితే యంత్రం ఆ వరస చదవదండీ, అది మనుషులకి అని ఒకసారి చెప్పింది, ఎవరు చదువుతారు అన్నాను, ఎవరో ఒకరు, నా తర్వాత వచ్చేవాళ్ళు అంది, ఇదిగో, ఇక్కడ లెక్కల ఫైలు తెరుస్తున్నాం, ఇదిగో, పేరులో ఖాళీ ఉంటే ఇది ఏడుస్తుంది జాగ్రత్త, ఇదిగో, ఇది ఎందుకు పనిచేస్తోందో నాకూ తెలీదు, కదపొద్దు, అచ్చంగా తన మాటే, వంటింట్లో పొయ్యి నాబ్ గురించి కూడా ఇలాగే చెప్పేది, సగం తిప్పి వెనక్కి లాగండి, ఎందుకో తెలీదు, నాతో ఇన్ని చెప్పిన మనిషి అసలుది చెప్పలేదు, చెల్లెలికి చెప్పింది, మా మరదలికి, ఫోన్లో, ఈ పక్క నొప్పి గురించి, ఆసుపత్రిలో చేరడానికి ముందే, బావా అక్క నాతో అంది, నీకు కూడా చెప్పిందనుకున్నాను అని మరదలు కారిడార్లో నిలబడి ఏడ్చింది, ఆరోజునుంచి దానితో నాకు మాటల్లేవు, కొంచెం ముందొచ్చి ఉంటే అన్న డాక్టరుతోనూ లేవు, అందరికీ తెలుసు, నాకు ఒక్కడికే ఎవరూ చెప్పలేదు.

నాలుగు వందల ముప్ఫై ఒకటో వరస, వేరే రంగు, తారీకు వేసి ఉంది, షీటు ఎవరిదగ్గరైనా తెరిచి ఉంటే ఇంతకుముందు ఆగి అడిగేది, బాక్సు వస్తే ఈయనకి చిరాకు, అందుకని ఈ కింది వరస, అడక్కుండా దాటిపోతుంది, దాటిన షీట్ల పేర్లు ఒక చోట రాసిపెట్టేలా చెయ్యాలి, తర్వాత చూద్దాం. ఈయన అంటే నేను, కళ్ళజోడు తీసి తుడిచాను, మళ్ళీ చదివాను, అవే అక్షరాలు, తారీకు చూశాను, అది వేసిన మూడు వారాలకి ఆసుపత్రిలో చేరింది, తర్వాత చూద్దాం అంది, చూడలేదు, దాని కింది వరస ఇంగ్లీషులో, నాలుగే మాటలు, నాకు కూడా అర్థమవుతున్నాయి, తప్పొస్తే తర్వాతిదానికి పో.

బాక్సు, ఆ బాక్సు గుర్తుంది, పొద్దున నేను కంప్యూటరు ముందు కూర్చోగానే తెర మధ్యలో బూడిదరంగు చతురస్రం, నలభై ఒకటో షీటు మీ దగ్గర తెరిచి ఉంది, ఆగనా, వదిలేయనా, ఇంకోరోజు పదిహేడు, ఇంకోరోజు నూట నాలుగు, నేను షీటు మూయను, ఎన్నడూ మూయలేదు, రేపు పొద్దున మళ్ళీ తెరవాల్సినదాన్ని ఇవాళ మూయడం ఏమిటి, పని అయిపోయినవాడు మూస్తాడు, చేత్తో గీసేటప్పుడు కూడా కాయితం బల్ల మీదే ఉంచి గుడ్డ కప్పి వెళ్ళేవాణ్ణి, తెల్లారి గుడ్డ తీస్తే గీత ఎక్కడ ఆగిందో అక్కడే ఉండేది, ఆ గుడ్డ అలవాటు ఈ తెర మీదికి తెచ్చాను, దీనికి చెప్పు, రోజూ నా మొహం మీద పడొద్దని చెప్పు, నీ యంత్రం నోరు మూయించు అన్నాను, అన్నాను, అందరి ముందే అన్నాను.

అయితే ఆ సాయంత్రం, సైటుకి పంపే ముందురోజు సాయంత్రం, నలభై ఒకటి ఎక్కడుంది, మెట్లకి పైకి చూపించే బాణం వంకరగా ఉంటే దాన్ని సరిచేస్తూ లేచాను, బస్సు వేళైంది, మూయలేదు, ఆరున్నరకి అది లేచింది, నలభై వరకు మార్చింది, నలభై ఒకటి నా దగ్గరుంది, అడగలేదు, దాటిపోయింది, పొద్దున వచ్చి బాణం సరిచేసి పాత పట్టికతోనే భద్రపరిచాను, ఇన్నాళ్ళూ దాటినదాన్ని మర్నాటి సాయంత్రం పట్టుకునేది, ఈసారి మర్నాడు లేదు, తొమ్మిదిన్నరకే కట్ట కట్టి పంపేశాం, కవరు పేజీ మీద అన్నిటికీ సవరణ నాలుగు అని రాసుంది, లోపల ఒక్కటి మూడు, పంపే ముందు ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చింది, వచ్చింది, ఇప్పుడు గుర్తొస్తోంది, నీలం గీతల చొక్కా, చేతిలో కాయితం, సార్ అంది, ఏమిటి అన్నాను, తల ఎత్తలేదు, బాణం మీద ఉన్నాను, కాసేపు నిలబడింది, ఏం లేదు సార్ అని వెళ్ళిపోయింది, ఆ కాయితంలో ఫైళ్ళ తేదీలు ఉండి ఉంటాయి, నలభై ఒకటికి నిన్నటి తేదీ పడలేదని ఉండి ఉంటుంది, అడగబోయింది, నా నెత్తి చూసి దాటిపోయింది.

పదకొండూ ఇరవై, ఈ నాలుగు మాటలు చెరిపేస్తే ఎవరికి తెలుస్తుంది, పై వరస కూడా చెరిపితే మరీ మంచిది, ఆరు వందల పది ఉంటాయి, ఎవరు లెక్కపెట్టారు, వేలు ఆ మీట మీదే ఉంది, ఈయనకి చిరాకు, ఆ ఈయన కోసం ఆవిడ రాసిన మాట చెరపాలా, వేలు తీశాను, కాయితం మీదికి ప్రింటు తీశాను, ఒక్క పేజీ, మడవలేదు.

గదిలో పెద్దసారు, ఆయన పక్కన సిబ్బంది వ్యవహారాలు చూసే ఆవిడ, గోడ వైపు కొత్తమ్మాయి, సొరుగు సామాను సంచిలో పెట్టుకుని సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుంది, పెద్దసారు నన్ను చూసి ఏమీ లేదు కదా అన్నాడు, అడగడం కాదు, నా నోట్లో పెట్టడం, కాయితం బల్ల మీద పెట్టాను, ఆయన చదివాడు, రెండుసార్లు చదివాడు, మొహం తేలికపడింది, అయితే స్క్రిప్టు తప్పే, పోనీ ఇది నయం, ఆవిడ ఎలాగూ లేరు, పోయినవాళ్ళకి మెమో ఇవ్వం కదా, ఈ అమ్మాయికీ ఇబ్బంది ఉండదు, మీకూ ఉండదు, స్క్రిప్టులో లోపం అని రాసేద్దాం అన్నాడు, ఎంత సులువుగా అన్నాడు, కుర్చీ జరిపినట్టు, సిబ్బంది ఆవిడ అప్పుడే పెన్ను మూత తీసింది, కొత్తమ్మాయి నా వంక చూసింది, బతిమాలడం లేదు, ఊరికే చూసింది, ఈయన ఏమంటాడో చూద్దాం అన్నట్టు.

ఆవిడ పేరు రాయకండి, షీటు నా దగ్గర తెరిచి ఉంది, అడగొద్దని రాయించింది నేను, ఈ అమ్మాయి చూసింది సరిగ్గానే చూసింది, నేనే తప్పు చెప్పాను.

అన్నాను, నా గొంతేనా అది, పొడిగా ఉంది, నీళ్ళు తాగలేదు కదా, పెద్దసారు మీరు మళ్ళీ ఆలోచించుకోండి, రిటైరయ్యేందుకు ఏడాది ఉంది అన్నాడు, రాసుకోండి అన్నాను, సిబ్బంది ఆవిడ రాసుకుంది, నా పేరుకి అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో వంగి చూశాను, పడ్డాయి, ఆ అమ్మాయి కృతజ్ఞతలు చెప్పలేదు, మంచిదే, చెప్పాల్సినంత నేనేం చేయలేదు, లేచి సంచి తీసుకుని నా దగ్గర ఆగి, ఆ వరస తీసేయనా సార్, మళ్ళీ అడుగుతుంది మరి, రోజూ పొద్దున్నే అడుగుతుంది అంది, అందులో కొంచెం దెప్పు ఉంది, ఉండాలి, తియ్యమ్మా అన్నాను, అడగనీ అన్నాను.

కారిడార్లో నడుస్తున్నాను, అడగనీ, ఆ మాట నోట్లోంచి పోవడం లేదు, నేను బాక్సు గురించి అరిచిన ఆరోజు సాయంత్రం మా ఆవిడా నేనూ బస్సు కోసం నిలబడ్డాం, చినుకులు పడుతున్నాయి, ఒకటే గొడుగు, తను సగం బయట, రేపటినుంచి అది మిమ్మల్ని అడగదు లెండి అంది, ఊఁ అన్నాను, బస్సు రాలేదు, కాసేపయ్యాక, మామూలుగా, సరుకుల సంగతి చెప్పినట్టు, నాకీ పక్క పొడుస్తోందండీ, నెలైంది అంది, అంది, నాతోనే అంది, రోడ్డు మీద రొద ఉంది కానీ వినపడనంత లేదు, నువ్వు కూడా మొదలుపెట్టావా అన్నాను, తను నవ్వి ఏం లేదులెండి అంది, బస్సొచ్చింది, ఎక్కాం, పద్నాలుగు నెలలుగా మరదల్నీ డాక్టర్నీ దూరం పెట్టి కూర్చున్నాను నాకు ఒక్కడికే ఎవరూ చెప్పలేదని, చెప్పింది, చెల్లెలికి చెప్పినట్టే నాకూ చెప్పింది, నేను విన్నాను.