చదవని అధ్యాయం

నీలకంఠం చూపు ఒక్కరోజులో పోలేదు. షుగరు ముందు ఎడమ కంటిని తీసుకుంది. ఆ తర్వాత కుడికన్నూ మసకబారుతూ వచ్చి, చివరికి వెలుతురు ఏవైపు నుంచి వస్తోందో మాత్రమే తెలిసేది. స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు ఉద్యోగం మధ్యలోనే మానేసి, దువ్వాడలో అద్దెకున్న ఇల్లు ఖాళీ చేసి, పెందుర్తిలో కట్టుకున్న చిన్న ఇంటికి భార్య ధనలక్ష్మితో వచ్చేశాడు. ఉద్యోగం పోయిన దిగులు కొన్నాళ్ళకి సర్దుకుంది గాని, పుస్తకాలు దూరమైన దిగులు సర్దుకోలేదు.

ఆయన చదివేది ఒకటే రకం. ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్. తెలుగులో కొత్తగా వస్తున్న అలాంటి నవలలన్నీ తెప్పించుకునేవాడు. ఆ నవలలు చదివేవాళ్ళకి ఫేస్‌బుక్‌లో ఓ గ్రూపు ఉంది. అందులో నీలకంఠం మాటంటే అందరికీ గురి, రాసేవాళ్ళకి భయం. ఆయనకి చూపు లేదన్న సంగతి అక్కడ ఎవరికీ తెలియదు.

ఫోనే పుస్తకం చదివి వినిపిస్తుందని ఎవరో చెప్తే ప్రయత్నించాడు. రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే గొంతుతో అది యుద్ధాలూ ప్రేమలూ చదివేసరికి విసుగొచ్చి ఆపేశాడు. అయినా ఈ నవలల్లో చాలావరకు కాగితం మీదే వస్తాయి. చివరికి ఆ పని ధనలక్ష్మి మీద పడింది. ఆమె చదువు పదో తరగతితో ఆగిపోయింది. మధ్యాహ్నం గిన్నెలు కడిగేశాక చెయ్యి తుడుచుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అడ్డదిడ్డమైన రాజుల పేర్లు కూడబలుక్కుంటూ చదివేది.

"ఏటండీ ఇది? ఈ సేనాపతి మొన్ననే సచ్చిపోనాడు గదా. మళ్ళీ గుర్రమెక్కి వొచ్చేత్తన్నాడేటి?"

"అదేనే నా బాధ. రాసుకో."

ఆమె ఫోను అందుకునేది. నీలకంఠం కళ్ళు మూసుకుని అచ్చు పుస్తకం భాషలో చెప్పేవాడు: "ఈమధ్య ఫాంటసీ రాసేవాళ్ళకి చావంటే బస్సు మారడం లాంటిది. ఒకటి దిగి ఇంకోటి ఎక్కుతారు. పోయినవాడు తిరిగొస్తాడని పాఠకుడికి ముందే తెలిసిపోయాక, ఇక ఏ కత్తికీ పదును ఉండదు." కాలంలో వెనక్కి వెళ్ళే యంత్రంతో కొడుకు తన తండ్రికి జరిగిన ప్రమాదాన్ని తప్పించే నవల గురించీ అలాగే అన్నాడు: "జరిగిపోయింది జరగలేదని చెప్పడానికి ఇంత విజ్ఞానం అక్కర్లేదు. అబద్ధం చాలు."

ఆ మాటలన్నీ ధనలక్ష్మి అక్షరం పొల్లుపోకుండా టైపు చేసేది. వాటి వెనక ఏముందో ఆమెకి తెలుసు. వాళ్ళకి రాణి అని ఒక కూతురు ఉండేది. రెండో తరగతి చదువుతుండగా డెంగ్యూ జ్వరం వచ్చి పోయింది. ఆ రోజు నీలకంఠం షిఫ్టులో ఉన్నాడు. క్రేను దిగి కబురు విని ఆస్పత్రికి వచ్చేసరికి పిల్ల మీద దుప్పటి కప్పేశారు. ఎలా జరిగిందని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. రోజులు గడిచేకొద్దీ అడగడం ఇంకా కష్టమైపోయింది.

ఆ వర్షాకాలంలో సాయిశంకర్ అనే కుర్రాడి మొదటి నవల 'ఆరో తరం ఓడ' వచ్చింది. అతను పోర్టులో కంటైనర్ల దగ్గర ఉద్యోగం చేస్తున్నాడని అట్ట వెనక ఉంది. పాడైపోయిన భూమిని వదిలి వెళ్ళిన ఓడ, అందులోనే పుట్టి అందులోనే పోయే మనుషులు. నీలకంఠానికి మొదటి పేజీ నుంచే నచ్చింది.

"ఈ కుర్రోడికి ఇనప వాసన తెలుసే," అన్నాడు. "సదువు, సదువు."

సగం దాటాక ఓడలో జ్వరాలు మొదలయ్యాయి. వైద్యురాలి కూతురికే సోకింది. పదకొండో అధ్యాయం మొదలైంది. ధనలక్ష్మి కళ్ళు గొంతుకంటే ముందు పరిగెత్తాయి. రెండు వాక్యాలు చూసి ఆగిపోయింది. దాహమేసిందని లేచి నీళ్ళు తాగి వచ్చింది. కూర్చుని, కొన్ని కాగితాలు చప్పుడు కాకుండా తిప్పేసి, తర్వాతి అధ్యాయం అందుకుంది. అందులో పిల్ల గది ఖాళీగా ఉంది.

"అదేటి? పిల్ల పోనాదా?"

"పోనాదండి."

"ఎలాగ?"

"రాయనేదు. పోనాదంతే."

నీలకంఠం ముఖం ఎర్రబడింది. పుస్తకం పూర్తయ్యేదాకా విన్నాడు. అయ్యాక రాసుకోమన్నాడు: "పిల్ల చావు రాయడానికి చెయ్యి రాని రచయిత, చావు మీద నవల రాయకూడదు. అసలు జరిగింది చూడమని పిలిచి, తీరా వెళ్ళాక తలుపు మూసేశాడు. ఇది నేర్పు కాదు. పిరికితనం."

ఆఖరి మాట దగ్గర ఆమె వేలు ఆగింది.

"రాసేవా?"

"రాసేను," అంది. గ్రూపులో పెట్టేసింది.

గంట తిరక్కుండా జనం విరుచుకుపడ్డారు. పదకొండో అధ్యాయం చదివారా అని ఒకరు, పెద్దాయన అట్ట చూసి తీర్పులిస్తున్నారని ఇంకొకరు. ధనలక్ష్మి అవేవీ భర్తకి చదివి వినిపించలేదు. మర్నాడు ఆమె డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ఫోను మోగింది. నీలకంఠమే తడుముకుని ఎత్తాడు.

"సార్, నాను సాయిశంకర్‌ని. గ్రూపులో మీ నంబరు చూసి చేస్తన్నాను. పుస్తకం నచ్చకపోతే తిట్టండి, పర్లేదు. గాని పదకొండో అధ్యాయం ఊసే ఎత్తలేదేటండి? ఆ అధ్యాయం కోసమే నవలంతా రాసేను."

"ఏ అధ్యాయం బాబూ?"

"పాప పోయేది సార్."

ధనలక్ష్మి కిందికి వచ్చేసరికి ఆయన ఫోను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"పేజీలు వొదిలేసేవా?"

ఆమె ఖాళీ బకెట్టు కింద పెట్టింది. "వొదిలేసేను."

"నలుగుర్లో నా పరువు తీసేసేవు గదే!"

"నాను సదవలేకపోయానండి," అంది.

నీలకంఠం ఫోను పక్కన పెట్టేశాడు.

ఆ ఆదివారం ఆయన పిలవగా సాయిశంకర్ వానలో తడుస్తూ బండి మీద వచ్చాడు. ఎదుటి మనిషికి చూపు లేదని గుమ్మంలోనే అర్థమై అక్కడే ఆగిపోయాడు. నీలకంఠం అతన్ని కూర్చోబెట్టి, ఆ అధ్యాయం చదవమన్నాడు. ధనలక్ష్మి టీ ఇచ్చి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

కుర్రాడు చదివాడు. ఓడలో పుట్టిన పిల్ల వానని ఎప్పుడూ చూడలేదు. వానంటే ఎలా ఉంటుందమ్మా అని అడుగుతుంది. తల్లీ చూడలేదు. తన అమ్మమ్మ చెప్పిన మాటలు గుర్తు చేసుకుంటూ చెప్తుంది. చెప్తుండగానే పిల్ల వినడం ఆపేస్తుంది.

కుర్రాడు పుస్తకం మూశాక నీలకంఠం చెయ్యి చాపి దాన్ని అందుకున్నాడు.

"బావుంది బాబూ. నాను రాసింది తప్పు. తీయించేత్తాను," అన్నాడు. తర్వాత ముఖం వంటగది వైపు తిప్పాడు. "ధనం, ఇలాగేనా?"

సాయిశంకర్‌కి అర్థం కాలేదు. ధనలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది.

"ఇలాక్కాదు. అది ఏటీ అడగనేదు. మాట పొద్దుటే ఆగిపోనాది. నా గాజులు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుండీది. ఆడుకుంటందనే అనుకున్నాను. దాని వేళ్ళు ఆగిపోనాక కూడా అలాగే కూకున్నానండి. నిద్రట్టింది గావాల, కదిపితే లేసిపోద్దేమోనని."

"నాకోసం అడగలేదా?"

"లేదండి. ఎవరికోసమూ అడగనేదు."

ఇన్నేళ్ళూ నీలకంఠం ఆ పిల్ల తనని పిలిచే ఉంటుందనీ, తను పలకలేదనీ అనుకుంటూ బతికాడు. అది నిజం కాదని తెలిస్తే బరువు తగ్గాలి. తగ్గలేదు. పిలిచి ఉంటేనే బాగుండేదనిపించింది.

కుర్రాడు టీ సగంలో వదిలేసి, వెళ్ళొస్తానని గొణిగి బయటపడ్డాడు.

ఆ సాయంత్రమే గ్రూపులో పాత అభిప్రాయం తీసేసి ఇంకోటి పెట్టారు: "పదకొండో అధ్యాయం వినకుండా రాశాను. నవల మంచిది." వినకుండానా, చదవకుండానా అని ఎవరో వెటకారమాడారు. ఆ తర్వాత నీలకంఠం ఏ నవల మీదా అభిప్రాయం రాయించలేదు. కొన్నాళ్ళు అడిగి అడిగి, గ్రూపు వాళ్ళు వేరే పెద్దమనిషిని వెతుక్కున్నారు.

ఇప్పుడు మధ్యాహ్నాలు ఇద్దరూ ఊరికే కూర్చుంటారు. ఎప్పుడైనా ఆయన రాణి గురించి ఒక మాట అడుగుతాడు. చెప్పగలిగితే ఆమె చెప్తుంది. లేకపోతే లేచి వెళ్ళిపోతుంది. ఆయన రెట్టించడు.

"ఆవేళ ఏ గౌను ఏసుకుందే?" అని ఓరోజు అడిగాడు.

ధనలక్ష్మి ఆలోచించింది. పసుపుదా, పువ్వులదా అని చాలాసేపు వెతుక్కుంది.

"గుర్తులేదండి," అంది. అలా అన్నాక ఏడ్చింది. ఏడుపు విని ఆయన చెయ్యి చాపాడు గాని, ఆమె కూర్చున్న చోటికి అది అందలేదు.