చేతులు మారే మూల

కేసముద్రం స్టేషన్ రోడ్డులో సాయంత్రం అయిదున్నర దాటితే ఒక జంట కనిపిస్తుంది. వాళ్ల ముందు నీలిరంగు పిల్లబండి, అందులో ఆరు నెలల పాప రక్షిత. ఆ బండిని అమ్మేవాళ్లు స్ట్రోలర్ అంటారట. ఒక్క చేత్తో మడతపెట్టి భుజానికి తగిలించుకోవచ్చు, అంత తేలిక. చూసినవాళ్లు ముచ్చటైన సంసారం అనుకుంటారు. ముచ్చటే, కాదనను. కానీ పాఠకులారా, సిమెంటు దుకాణం మూల దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి.

ఆ మూల దాకా బండిని తోసేది తండ్రి మహీధర్. మూల తిరగబోతుండగా అతని జేబులో ఫోన్ మోగుతుంది. మోగిందని అతనే అంటాడు. "ఆఁ, చెప్పన్నా" అంటూ ఫోన్ చెవికి ఆనించుకుని నాలుగడుగులు ముందుకు వెళ్లిపోతాడు. బండి పిడి భార్య హర్షిణి చేతికొస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే మూల దగ్గర ఫోన్ మాటలు ముగుస్తాయి, బండి మళ్లీ అతని చేతికొస్తుంది. నెల రోజులుగా ఇదే వరస.

మూలకు ఇవతల ఉన్నది వాళ్ల గల్లీ. అవతల మార్కెట్ యార్డు, లారీలు, ట్రాక్టర్లు, అన్నీ తెలిసిన ముఖాలు. యార్డు ఎదురుగానే మహీధర్‌కు ఎరువుల దుకాణం ఉంది. తాతల నాటి నుంచి భూములున్న ఇల్లు. వచ్చే ఎన్నికల్లో నిలబడాలన్న ఆశ కూడా లేకపోలేదు. అలాంటివాడు పిల్లబండి తోస్తూ కనబడితే నలుగురూ ఏమనుకుంటారు? ఆ నలుగురి పేర్లు చెప్పమంటే ఎవరూ చెప్పలేరు గానీ, వాళ్లకు జంకని మగవాడు మన ఊళ్లలో అరుదు.

"మొగోడు పిల్లబండి నూకుడేందిరా? చూసినోళ్లు నవ్విపోరా?" అని తల్లి సరోజన మొదటిరోజే అంది. ఆమె చెడ్డ మనిషి కాదు. కోడలికి ఆరు నెలలు పథ్యం వండిపెట్టింది, మొదటి నెలల్లో మంచం దిగనివ్వకుండా చూసుకుంది. ఊహ తెలిసినప్పటి నుంచి తాను చూసింది చెప్పింది, అంతే.

ఇందులో ఇంకో అన్యాయం ఉంది. గల్లీలో వేసింది కొత్త రోడ్డు, అద్దంలా నున్నగా ఉంటుంది. మూల దాటాక గుంతలు, మురుగు మోరీ మీద ఎత్తుపల్లాల బండలు, ఆ తర్వాత యార్డు గేటు దాకా వాలు. అంటే సుఖమైన దారిలో తోసేవాడు అతను, బండిని ఎత్తి దించాల్సిన దారిలో తోసేది ఆమె. హర్షిణికి ఆపరేషన్ కాన్పు. కుట్లు చీముపట్టి రెండోసారి వెయ్యాల్సి వచ్చింది. మహబూబాబాద్ దవాఖానలో డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది: "రోజూ నడువు. బరువు మాత్రం ఎత్తకు, పాపను చంకనేసుకొని తిరగకు. కుట్లు సాగితే మళ్లా మొదటికొస్తది." అది విని హర్షిణి వాళ్ల అన్న హనుమకొండకు పోయి ఆ బండి కొనితెచ్చాడు. చెల్లెలి బరువు తగ్గించాలని తెచ్చిన బండి అది.

బండి వెనక చక్రం దగ్గర కాలితో నొక్కే బ్రేకు ఉంటుంది. ట్రాక్టర్ ఇంజన్‌ను కళ్లు మూసుకుని విప్పి బిగించగల మహీధర్, ఈ బ్రేకు ఎక్కడుందో ఏనాడూ వంగి చూడలేదు. అది ఆడవాళ్ల బండి కదా!

మక్కల సీజన్, అంటే మొక్కజొన్నలు యార్డుకొచ్చే కాలం, మొదలైంది. యార్డు గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఆ సాయంత్రం మూల దగ్గరికి రాగానే హర్షిణి పొట్ట పట్టుకుని ఆగిపోయింది.

"ఇయ్యాల జర నువ్వే నూకు. కడుపుల గుంజుతాంది."

"ఫోనొస్తాంది హర్షీ..."

"రాలే. నాకు ఇనపడది అనుకున్నవా?"

మహీధర్ జేబు మీది చెయ్యి తీసేశాడు. తల దించుకుని బండి తోసుకుంటూ గబగబా నడిచాడు. వాలు సగం దిగేసరికి ఎదురుగా మోటారుసైకిల్ మీద బలరాం వస్తున్నాడు. మండలంలో ఎన్నికల టికెట్టు ఎవరికివ్వాలో చెప్పేవాడు అతనే. మహీధర్ అతణ్ణి చూశాడు. చేతుల్లో ఉన్నదేమిటో, నిలబడ్డది ఎక్కడో మరిచిపోయాడు. పిడి వదిలేసి రెండు చేతులూ ఎత్తాడు.

"నమస్తే బలరామన్నా!"

బలరాం తలాడించి సాగిపోయాడు. అతను బండిని చూడనే లేదు. అతని కళ్లు ట్రాక్టర్ల మధ్య దారి వెతుక్కుంటున్నాయి.

తేలికైన బండి, వాలు దారి. దాన్ని ఎవరూ తోయనక్కరలేదు. మొదట మెల్లగా, తర్వాత వడివడిగా గేటు వైపు దొర్లింది. అక్కడ ఒక ట్రాక్టర్ ట్రాలీ వెనక్కి వస్తోంది.

"రక్షీ!" అని అరుస్తూ హర్షిణి పరుగెత్తింది. కుట్లు గుర్తుకురాలేదు. మహీధర్ కూడా ఉరికాడు గానీ బండి అప్పటికే పది గజాలు ముందుంది.

గేటు దగ్గర హమాలీ వాల్యా లారీకి బస్తాలు ఎక్కిస్తున్నాడు. పక్క తండా నుంచి రోజూ వచ్చే అరవై ఏళ్ల మనిషి. వీపు మీద మక్కల బస్తా ఉంది. కేక విని తల తిప్పి చూశాడు. ఆలోచించే వ్యవధి ఎక్కడిది? వీపు మీది బస్తాను ఎత్తి బండి దారికి అడ్డంగా విసిరేశాడు. బస్తా పిగిలి మక్కలు రోడ్డంతా పరుచుకున్నాయి. చక్రాలు వాటిలో కూరుకుపోయాయి. బండి ముందుకు తూలబోతే రెండు చేతులతో ఒడిసిపట్టాడు. ట్రాలీ మూరెడు దూరంలో ఆగింది.

బయల్దేరేటప్పుడు హర్షిణి పెట్టిన బండి బెల్టు పాపను కాపాడింది. పాప బెదిరి గుక్కపెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే తల్లి ప్రాణం కుదుటపడింది. ఆమె మక్కల్లోనే కూలబడి పాపను గుండెకు హత్తుకుంది.

మహీధర్ వచ్చి వాల్యా ముందు రెండు చేతులూ జోడించాడు.

"ఆ చేతులు దించు పటేలా," అన్నాడు వాల్యా. "ముందుగాల బండి పట్టుకో. మల్ల దొర్లుతది."

మహీధర్ గబుక్కున పిడి పట్టుకున్నాడు. వాల్యా వంగి చక్రం దగ్గరి బ్రేకును కాలితో నొక్కి చూపించాడు.

"గిదేనా దీని బిరికీ? నా చేతికి ఒక్కనిమిషం సేపు రాంగనే దొరికింది, నీకు నెల్లాయె దొరకలే. రోజు చూస్తున్న పటేలా. ఆ మూల తిరగంగనే బండి నీ పెండ్లాం చేతికి పోతది. నలబై ఏండ్ల సంది గీ ఈపు మీద ఊరోళ్ల బస్తాలు మోస్తున్న. ఒక్కనాడు నామోషి కాలె. మా ఇంటామె గంగి కైకిలి కూలికి పోతె పిల్లను భుజాన ఏసుకొని తండ నుంచి గీడిదాక నడిచొచ్చిన. అప్పుడు కాలె. కన్నబిడ్డను నూకుతె నీకు నామోషి ఎట్లయితదయ్యా?"

చుట్టూ ఉన్న హమాలీలు ఎవరూ నవ్వలేదు. హర్షిణి తలెత్తి భర్త వైపు చూసింది.

"మోగని ఫోన్ చెవికి పెట్టుకున్నన్ని దినాలు ఊకున్న," అంది. "ఇంక ఊకోను."

మహీధర్ మోకాళ్ల మీద కూర్చుని మక్కలు ఎత్తి బస్తాలో పోయడం మొదలుపెట్టాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకుందామంటే చేతుల నిండా దుమ్ము.

ఇంటికొచ్చాక జరిగిందంతా చెప్పాడు, తన తప్పు దాచకుండా. సరోజన మనవరాలిని ఒళ్లో వేసుకుని మెల్లగా అంది:

"నిన్ను సంకనేసుకొని, నెత్తి మీద గడ్డిమోపు వెట్టుకొని నేను వచ్చేదాన్నిరా. మీ బాపు ముంగట చేతులూపుకుంట నడిచెటోడు. నా నడుము అప్పుడు వట్టింది, ఇంకా ఇడువలె. గది బాధని నాకెన్నడు తోచలె, మొగోళ్లు గట్లనే నడుస్తరు అనుకున్న. నీక్కూడ గదే నేర్పిన. తప్పు నీదొక్కనిదే కాదు బిడ్డా, నాది గూడ."

మరునాడు డాక్టరమ్మ హర్షిణిని చూసి, కుట్లు సాగలేదు గానీ పదిహేను రోజులు కదలకుండా ఉండాలంది.

పదహారో రోజు సాయంత్రం ఆ జంట మళ్లీ బయల్దేరింది. సిమెంటు దుకాణం మూల వచ్చింది. విచిత్రం, ఆ రోజు మహీధర్ ఫోన్ నిజంగానే మోగింది. మోగి మోగి ఆగిపోయింది. హర్షిణి చేతులూపుకుంటూ పక్కన నడుస్తోంది. గేటు దగ్గర వాల్యా బస్తా దించి నిలబడి చూశాడు. "మంచిగున్నవా వాల్యా కాకా?" అని మహీధర్ పలకరించాడు.

అంతలో మోటారుసైకిల్ మీద బలరాం వచ్చి ఆగాడు. బండినీ, మహీధర్‌నూ ఎగాదిగా చూశాడు.

"ఏం మహీ, ఎదురువడ్డా నమస్తే వెడ్తలేవు?"

అయ్యా, మగవాడి పరువు కన్నబిడ్డను తోస్తే పోదు, ఎవరో చూస్తున్నారని వదిలేస్తే పోతుంది. ఆ సంగతి తెలుసుకున్న మహీధర్ నవ్వాడు. పిడి మీద పట్టు మాత్రం సడలించలేదు.

"ఏమనుకోకన్నా, చేతులు ఖాళీగ లెవ్వు."