గడ్డం తీసేముందు ఒక ఫోటో

సోమవారం పొద్దున్నకల్లా పాలిష్ మేస్త్రీ గడ్డం పోవాలని డాక్టరు తీర్పు చెప్పాడు. చెక్కపొడి, వార్నిష్ వాసన ఏళ్ళ తరబడి పీల్చీ పీల్చీ మేస్త్రీ ఛాతీలో ఈల మొదలైంది. పనిలో పెట్టుకునే కొత్త మాస్కు గాలి చొరకుండా ముఖానికి అతుక్కోవాలి. అంత గుబురు గడ్డం మీద అది నిలవదు. "గడ్డమా, ఊపిరా? తేల్చుకోండి" అన్నాడు డాక్టరు. మేస్త్రీ నోరు తెరిచేలోపే "ఊపిరే" అని భార్య తేల్చేసింది.

తేల్చిందే గానీ, ఇంటికొచ్చాక ఆమె గుండెల్లో రాయి పడింది. పెళ్ళినాటికే ఆయనకు ఆ గడ్డం ఉంది. దాని కింద చుబుకం ఎలా ఉంటుందో ఆమె ఇంతవరకూ చూసిన పాపాన పోలేదు. వీధి వీధంతా ఆయన్ని గడ్డం మేస్త్రీ అనే పిలుస్తుంది. రేపు ఎవరో కొత్త మనిషి వచ్చి దర్జాగా పక్కన కూర్చుని భోంచేస్తుంటే తనేం కావాలి? వింటే నవ్వొచ్చే భయమే. అయినా అది ఆమెకు నిద్ర పట్టనివ్వలేదు. కనీసం ఆ ముఖం ఒక్క మంచి ఫోటోలోనైనా మిగలాలనుకుంది.

ఫోటోల పిచ్చి ఆమెకు అంటించింది మరిది. కెమెరాలు బాగుచేసే కొట్టు అతనిది. ఓ పాతకాలపు లెన్సుకు అడాప్టర్ బిగించి, డిజిటల్ కెమెరాకు తగిలించి వదిన చేతిలో పెట్టాడు. ఆ లెన్సుకు తనంతట తాను ఫోకస్ చేసుకోవడం రాదు, రింగు చేత్తో తిప్పాల్సిందే. పగలంతా కుట్టుమిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించే తనకు ఇదో లెక్కా అనుకుంది. తీరా శనివారం తీసిన ఫోటోలు మరిది కొట్టులో కంప్యూటరు మీద చూసేసరికి ఆమె ముఖం చిన్నబోయింది. ప్రతి ఫోటోలోనూ గడ్డం వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టేలా ఉంది. కళ్ళు మాత్రం మసకే.

"వదినా, నువ్వు మా అన్నయ్యని తీశావా, గడ్డాన్ని తీశావా?" అన్నాడు మరిది.

"నన్నంటావేం? ఫోకస్ కుదిరినచోట ఎర్ర గీతలు వస్తాయని చెప్పింది నువ్వేగా! ముఖానికి ఎర్రచీమలు పట్టినట్టు వచ్చాయి. కుదిరిందనుకుని నొక్కేశా."

మరిది పకపకా నవ్వాడు. "అంచులు ఎక్కడ ఎక్కువుంటే ఆ గీతలు అక్కడికే ఎగబడతాయి. మా అన్నయ్య గడ్డంలో ఉన్నన్ని అంచులు ఇంకెక్కడుంటాయి? వాటిని ఆపేసెయ్. లెన్సు రంధ్రం పూర్తిగా తెరువు, ఫోకస్ ఉన్నచోటు తప్ప మిగతాదంతా మసకవుతుంది. తెర మీద కంటిని పెద్దది చేసుకో, నీకు దగ్గరగా ఉన్న కన్ను. రెప్పల వెంట్రుకలు తేటపడేదాకా రింగు తిప్పు. ఇక దాన్ని ముట్టుకోకు."

"ఆయన కుదురుగా ఉంటేగా!"

"ఉండడు. అందుకే రింగు మానేసి నువ్వే కదులు. రవ్వంత ముందుకి, రవ్వంత వెనక్కి. కన్ను తేటగా కనబడగానే నొక్కెయ్."

ఆదివారం మధ్యాహ్నం కిటికీ పక్కన స్టూలు వేసింది. మేస్త్రీ గడ్డానికి నూనె రాసి, దువ్వి, పెళ్ళికొడుకులా వచ్చి కూర్చున్నాడు. ఆమె ఎర్ర గీతలు ఆపేసి, మోచేతులు డొక్కలకు ఆనించి, తెర మీద ఆయన ఎడమకంటిని వెతికి పట్టుకుంది. రింగు తిప్పడం ఆపి మెల్లగా ముందుకు వంగింది. ఆయనా ముందుకు వంగాడు.

"మీరెందుకు వస్తున్నారు?"

"నువ్వు వస్తున్నావని."

"నేను రావాలి. మీరు రాకూడదు."

"ఇదెక్కడి న్యాయమే!" అంటూ ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. కన్ను తెరలోంచి జారిపోయింది. ఆమెకు చిర్రెత్తుకొచ్చినా రింగు జోలికి పోలేదు. నవ్వు తగ్గాక ఆయన సర్దుకుని కూర్చుని ఆమెకేసి చూశాడు. ఆమె రవ్వంత వెనక్కి జరిగింది. రెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా తేలాయి. నొక్కింది.

మేస్త్రీ కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. "గడ్డమేదే? అంతా పొగలా ఉంది! ఇంత హంగామా దానికోసమేగా?"

ఆమె ఫోటోలోని కళ్ళనే చూస్తోంది. తలుపుకు పాలిష్ పూర్తిచేసి, చేతులు తుడుచుకుంటూ "బాగుందా" అన్నట్టు ఆయన తనకేసి తిరుగుతాడే, ఆ చూపు. ఎవరెంత మెచ్చుకున్నా ఆమె మాట కోసం ఆగే చూపు. దానికి ఆమె ఎంత అలవాటు పడిందంటే, అదొకటి ఉందన్న సంగతే ఎప్పుడూ గమనించలేదు. ఆమె మనసు ఒక్కసారిగా తేలికపడింది, చెప్పలేనంత సంతోషం వేసింది.

"రేపటిదాకా ఎందుకు? ఇప్పుడే తీసేద్దాం" అంటూ కత్తెర తెచ్చింది.

"బట్టల కత్తెరతోనా! దాంతో కాగితం ముక్క కోస్తేనే ఇల్లు పీకి పందిరేస్తావు కదా!"

"ఇవాళ్టికి ఫర్వాలేదు. కదలకండి."

కత్తెర పనయ్యాక, ఆయన చెంపలు సరిచేసుకునే రేజరు అందుకుంది. మేస్త్రీ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చెంపలకంటే ఓ ఛాయ తెల్లగా, గుండ్రంగా, మధ్యలో చిన్న సొట్టతో చుబుకం బయటపడింది. ఆమె తడిగుడ్డతో తుడిచింది.

"అయిందా? ఎలా ఉన్నాను?" అన్నాడు ఆయన కళ్ళు తెరవకుండానే. గొంతులో బెరుకు. "నన్ను గుర్తుపడతావా?"

ఈ భయం తనొక్కదానిదే అనుకుంది ఇన్నాళ్ళూ.

"ముందు కళ్ళు తెరవండి, చెబుతా."

ఆయన తెరిచి ఆమెకేసి చూశాడు.

"మీరేనండీ" అంది ఆమె.